అంగిలి మీద మడతలు

ఈమధ్య ఒక మంగళవారం మా క్లినిక్‌కి కొత్త స్కానర్ వచ్చింది. లావుపాటి పెన్నులాంటి కడ్డీ ఒకటి నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పితే చాలు, పక్కనున్న తెర మీద పళ్ళూ చిగుళ్ళూ అంగిలీ రంగులతో సహా ప్రత్యక్షమవుతాయి. ముద్ద కలపనక్కర్లేదు, ప్లాస్టర్ పోయనక్కర్లేదు, ఎవరి చొంగా మన మోచేతి దాకా కారదు. మా దగ్గర అసిస్టెంటుగా చేస్తున్న ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, "మేడమ్, పేషెంట్ల మీద వాడేముందు ఎవరి మీదైనా ట్రై చేయాలి కదా, మీరే కూర్చోండి ప్లీజ్" అని నన్ను కుర్చీలో కూలేసింది. నోరు తెరిచి పడుకుని తెర వంక చూస్తున్నాను. పళ్ళు వచ్చాయి, ఎప్పుడో వేయించుకున్న రెండు క్యాపులు వచ్చాయి, ఆ తర్వాత ముందుపళ్ళ వెనక అంగిలి మీద నాలుగైదు మడతలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఎడమవైపు రెండో మడత మధ్యలో తెగి, కాస్త ఖాళీ వదిలి, మళ్ళీ మొదలైంది. ఆ ఖాళీ చూడగానే ఆపమని చెయ్యెత్తాను. "గ్యాగ్ అవుతోందా మేడమ్?" అంది. అవునన్నాను. ఆ రోజు ఇంకేం చెప్పగలను?

ఈ మడతల గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. నాలుక కొన పైకెత్తి ముందుపళ్ళ వెనకగా తడిమితే చిన్న చిన్న గట్లలా గరుకుగా తగులుతాయి చూడండి, అవే. వైద్యభాషలో రూగే అంటారు. తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, వేలిముద్రల్లాగే ఏ ఇద్దరికీ ఒక్కలా ఉండవు, పళ్ళన్నీ ఊడి నోరు బోసిపోయినా అవి మాత్రం ఉంటాయి. మా డెంటల్ కాలేజీలో అనాటమీ చెప్పిన పెద్దాయనకి మడతలంటే పిచ్చి ప్రేమ. శరీరానికి చోటు చాలనప్పుడల్లా మడత పెట్టడం తప్ప ఇంకో ఉపాయం తెలియదర్రా అనేవారు. ఖాళీ కడుపు లోపలి గోడంతా మడతలే, చిన్నపేగు లోపల మడత మీద మడతే, ఆఖరికి కంటికి కనపడని కణంలో, ఆ మైటోకాండ్రియా లోపలి పొర కూడా పెట్టెలో కుక్కిన చీరలా మడతలు పడి ఉంటుందని, మనం తిన్న తిండి శక్తిగా మారేది ఆ మడతల మీదేనని బల్ల గుద్ది చెప్పేవారు. మిగతావాళ్ళు పరవశించి వినేవారేమో గానీ నాకు మడత అనగానే అందులో ఇరుక్కున్న మెతుకూ, పాచీ, కంపూ గుర్తొచ్చి ఒళ్ళంతా కంపరమెత్తేది.

ఇన్నేళ్ళొచ్చాక దాచి ఏం లాభం, నాకు నోళ్ళంటే మొదట్నుంచీ అసహ్యం. ఎంసెట్‌లో ఎంబీబీఎస్‌కి కొద్దిలో ర్యాంకు తప్పితే నాన్న బీడీఎస్‌లో చేర్పించారు, చేరాను, ఏడుస్తూనే పాసయ్యాను. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎంతంటే, సీసా మూతికి పెదవి తగిలితే ఆ నీళ్ళు మొక్కలకి పోయించేది మా నానమ్మ; నేను ఆవిడ చేతిలో పెరిగినదాన్ని. ఒంగోలులో క్లినిక్ పెట్టుకున్నాక కూడా ఈ బాధ నాకు పెద్దగా తెలియలేదు. ఎందుకంటే అక్కడ నేను డాక్టరమ్మని. చూసేది నేను, చెప్పేది నేను. ఉమ్మి తొట్టి కడగడం, అచ్చులు కడిగి ప్లాస్టర్ పోయడం, నెత్తుటి దూది ఎత్తడం అన్నీ మా ఆయా చేసేది. ఆవిడకి మాత్రం అసహ్యం ఉండదా అని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. జీతం ఇస్తున్నాం కదా అనుకునేదాన్ని, మనలో చాలామంది అనుకున్నట్టే.

మా ఆయనకి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చాం. అది రెండువేల ఏడు. అప్పటికి ఫ్రిస్కోలో ఇళ్ళ కంటే ఇళ్ళ కోసం చదును చేసిన మట్టి ఎక్కువ. ఆ రోజుల్లో మొగుడి వెంట హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన ఆడవాళ్ళ సంగతి నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు: ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. మన బీడీఎస్‌కి ఇక్కడ విలువ లేదు, బోర్డు పరీక్షలు రాసి మళ్ళీ డెంటల్ స్కూల్లో చేరాలి, చేరాలంటే ఇక్కడి డెంటిస్టు ఒకరు మన గురించి లెటర్ రాయాలి. ఆ లెటర్ కోసం ఎవరో ఒకరి క్లినిక్‌లో నెలల తరబడి షాడోయింగ్ చేయాలి. పేరుకి పక్కన నిలబడి చూడటం, చేసేది మాత్రం ఒంగోల్లో మా ఆయా చేసిన పనే, అదీ ఊరికే. మా ఆయన కొలీగ్‌కి వదిన వరుసయ్యే డాక్టరమ్మ ఒకావిడ నన్ను రానిచ్చింది. మనిషి చెడ్డది కాదు, తీరిక లేనిది. ఆవిడ చదివిన స్కూల్లో ఆవిడ మాటకి విలువుంది; ఒకే ఏడాది ఇద్దరిని పంపితే ఇద్దరి లెటర్లూ తేలిపోతాయి గనక ఒక్కరికే రాస్తానని ముందే చెప్పేసింది. అప్పటికి మేం ఇద్దరం ఉన్నాం.

రెండో మనిషి వరంగల్ పిల్ల. నాకంటే పదేళ్ళు చిన్నది, పెళ్ళై ఆర్నెల్లయింది, అదీ హెచ్-ఫోరే. మొదటి రోజే నన్ను "అక్కా, నువ్వు" అంది. మా వైపు పరిచయం లేని పెద్దవాళ్ళని నువ్వు అనరు కదా, నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ వైపు అక్కని నువ్వు అనడమే దగ్గరితనమని తెలియడానికి నెల పట్టింది. నాకు డ్రైవింగంటే గుండెదడ. ఆ పిల్లే రోజూ తన డొక్కు కారులో మా అపార్ట్‌మెంట్ దగ్గరికి వచ్చి ఎక్కించుకునేది, సాయంత్రం దింపేది. పని లేని మధ్యాహ్నాల్లో మమ్మల్ని చేయి తిప్పుకోమని డాక్టరమ్మ చెబితే, ఒకరి నోటికి ఒకరం అచ్చులు తీసుకుని నమూనాలు పోసుకున్నాం. నేను దాని నోట్లో వేలు పెట్టడానికి అరగంట తటపటాయించాను. అది మాత్రం నా నోట్లో ట్రే పెట్టి, పాట పాడుకుంటూ నిమిషంలో తీసేసింది. నా నమూనా చేతిలో తిప్పి తిప్పి చూసి, "నీదాంట్ల ఒక మడత నడుమ తెగింది చూడక్కా, ఎక్కడ తప్పిపోయినా నిన్ను నేను గుర్తుపడత" అని పకపకా నవ్వింది. నేను వాష్‌బేసిన్ దగ్గర నాలుగోసారి పుక్కిలిస్తున్నాను.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం వరసగా ఇద్దరికి కట్టుడు పళ్ళ కోసం పై అంగిలి అచ్చులు తీశారు. ఒకరు స్కూలు బస్సు నడిపి రిటైరయిన ముసలావిడ, బోసినోటితో కూడా అందరినీ హనీ, స్వీటీ అని పలకరించే మనిషి. రెండోవాడు పొగాకు నమిలే పెద్దాయన, బుగ్గలో ఉండ పెట్టుకునే వచ్చాడు, మేం ఉమ్మేయమంటే అది నల్లగా జారి తొట్టి అంచున వేలాడింది. ఛీ, ఇది రాస్తుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరుతున్నాయి, అవి తిండికి ఊరే నీళ్ళు కావు. ఆల్జినేటని గులాబిరంగు పొడి ఒకటి ఉండేది, నీళ్ళతో కలిపితే ఇడ్లీపిండిలా అయి రెండు నిమిషాల్లో బిగుసుకుంటుంది. వరంగల్ పిల్ల రెండుసార్లూ కలిపి, ట్రేలో నింపి, డాక్టరమ్మ దాన్ని పేషెంటు నోట్లో పెట్టాక కదలకుండా పట్టుకుంది. ముసలావిడ ఓకరిస్తుంటే దాని భుజం మీద చొంగ కారింది. అది పట్టించుకోలేదు, ఆవిడ వీపు నిమురుతూ నిలబడింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ముక్కు మూసుకున్నాను.

అచ్చు తీసిన వెంటనే ప్లాస్టర్ పోయాలి, ఆలస్యమైతే అచ్చు ఎండి ముడుచుకుపోతుంది. ఆ పని ఆ రోజు నాది. పద్ధతి ఏమిటంటే, ఒక్కో అచ్చూ పేషెంటు పేరున్న చీటీ మీదే ఉండాలి, ఒకటి పోసి, పేరు రాసి, అప్పుడు రెండోది ముట్టుకోవాలి. నేనలా చేసేదాన్ని కాదు. ఆ కంపు రెండుసార్లు ఎందుకు భరించాలని రెండూ ఒకేసారి కడిగేసేదాన్ని. చీటీల మీద చొంగ కారితే అవి మళ్ళీ ముట్టుకోవాల్సి వస్తుందని ముందే టిష్యూతో పట్టుకుని పక్కకి జరిపేసేదాన్ని. ఎంగిలి అంటిన గ్లవ్‌తో పెన్ను పట్టుకోవడం నా వల్ల కాదు, అందుకని రెండూ పోసేశాక గ్లవ్స్ విప్పి, మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, అప్పుడు తీరిగ్గా వచ్చి పేర్లు రాసేదాన్ని. అన్నాళ్ళూ కుడిది ఎవరిదో ఎడమది ఎవరిదో గుర్తుండేది. ఆ రోజు చేతులు కడుక్కుంటూ పొగాకు ఉండ తలుచుకుని డోకొచ్చి, సింక్ దగ్గరే ఐదు నిమిషాలు ఉండిపోయాను. తిరిగొచ్చి పేర్లు రాశాను. రాసేటప్పుడు నాకు అనుమానం కూడా రాలేదు.

ఆ రెండూ ల్యాబ్‌కి వెళ్ళాయి. మధ్యలో ఒకసారి మైనంతో చేసి నోట్లో పెట్టి చూసే మెట్టు ఒకటుంది గానీ, ఇద్దరికీ పాత సెట్లు ఉన్నాయి, కొలతలు వాటి నుంచి తీసుకోవచ్చని డాక్టరమ్మ అది దాటేసింది. మూడు వారాలకి పళ్ళు తయారై వచ్చాయి, ఎవరి పేరు వాళ్ళది గులాబి ప్లాస్టిక్ లోపల సన్నగా అచ్చువేసి మరీ. ముసలావిడ గురువారం వచ్చింది. ఆదివారం మనవడి పెళ్ళి, ఫొటోల్లో నవ్వాలని ఆవిడ సరదా. పళ్ళు పెడితే ఒకవైపు లేస్తాయి, నొక్కితే రెండోవైపు గుచ్చుకుంటాయి. మూడుసార్లు అంచులు అరగదీసి పెట్టారు. మూడోసారి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా "ఇట్స్ ఓకే హనీ" అంటూ ఆ పాత సెట్టే పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ గడప దాటగానే డాక్టరమ్మ వరంగల్ పిల్ల వైపు తిరిగి, బిగుసుకునే టైములో ట్రే కదిలించావు, అందుకే అచ్చు పాడైంది, పేషెంటు వీపు నిమరమని నీకెవరు చెప్పారని దులిపేసింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

సాయంత్రం ఐదున్నరకి అది కారు స్టార్ట్ చేసుకుని బయట ఎదురుచూస్తోంది. బల్ల తుడిచి వస్తానని నేను లోపల ఉండిపోయాను. ఏదో మనసులో పీకుతోంది. పనికిరాని ఆ పళ్ళసెట్టు చేతిలోకి తీసుకుని లోపలివైపు చూశాను. నున్నటి అంగిలి, దాని మీద పంగలకర్రలా చీలిన ఒకే ఒక్క లావు మడత. ముసలావిడ నోరు నాకు గుర్తుంది, సన్నగా చేపముల్లులా బోలెడు మడతలు. అల్మరాలో మొదటి రోజు తీసిన స్టడీ నమూనాలుంటాయి, అవి వరంగల్ పిల్ల పోసి పేర్లు రాసి వరసగా పేర్చినవి. పొగాకు పెద్దాయన నమూనా దించి, ముసలావిడ పేరున్న పళ్ళు దాని మీద పెట్టాను. టక్కున కూర్చున్నాయి. తలకిందులు చేసినా ఊడలేదు.

అప్పుడు నేను చేయవలసింది ఏమిటో చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేసి, పెద్దాయన డబ్బాలో ఉన్న పళ్ళు ముసలావిడవి, పేర్లు నేను తారుమారు చేశాను అని చెబితే, ఆవిడని మర్నాడే పిలిపించేవారు, ఆదివారం పెళ్ళిలో ఆవిడ కొత్త పళ్ళతో నవ్వేది. చెబితే నా లెటర్ పోతుంది. నాకు ముప్ఫై ఆరు దాటాయి, ఆ ఏడాది పోతే ఇంకో ఏడాది అనే ఓపిక లేదు. పెళ్ళి కొత్తది, చిన్నపిల్ల, దానికి ఇంకా బోలెడు టైముంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సులువుగా చెప్పుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే రోత. ఇద్దరి స్టడీ నమూనాలూ పేపర్ టవల్‌లో చుట్టి, ప్లాస్టర్ కత్తి పిడితో నాలుగు దెబ్బలు వేసి, ముక్కలు చెత్తబుట్టలో పడేసి, పైన ఇంకో నాలుగు టవల్స్ కప్పాను. ఆ తర్వాత అలవాటు ప్రకారం మోచేతుల దాకా సబ్బు పెట్టుకుని కడుక్కున్నాను. నేను కారెక్కగానే ఆ పిల్ల టిఫిన్ డబ్బా లోపల మరిచిపోయానని దిగి వెళ్ళి, రెండు నిమిషాల్లో వచ్చింది. దారంతా వాళ్ళ అత్తగారు పంపిన సకినాల గురించి మాట్లాడింది, నాకో పొట్లం కూడా ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే అది డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, స్టడీ నమూనాల మీద పెట్టి చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది కదా మేడమ్ అని అడిగింది. తీసుకురమ్మంది ఆవిడ. ఆ పిల్ల అల్మరా అంతా వెతికినట్టు వెతికి, నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "అక్కా, నువ్వు చూసినవా?"

"లేదు" అన్నాను.

ఇంకొక్క క్షణం నా ముఖంలోకి చూసి, సరే అని తల వంచుకుని వెళ్ళిపోయింది. అల్మరా బాధ్యత దానిదే గనక నమూనాలు పోగొట్టిన తప్పు కూడా దాని నెత్తినే పడింది. మరుసటి వారం పొగాకు పెద్దాయన వచ్చాడు. ఆయన పళ్ళూ కూర్చోలేదు, కూర్చోవు, నాకు తెలుసు. ఆయన పచ్చిబూతు ఒకటి తిట్టి, ఆ పళ్ళు బల్ల మీద విసిరికొట్టి పోయాడు. డాక్టరమ్మ ఆ పిల్లని లోపలికి పిలిచి, "టూ కేసెస్, సేమ్ డే, సేమ్ హ్యాండ్. ఐ కాంట్ టేక్ దిస్ రిస్క్ అమ్మా, రేపట్నుంచి రావొద్దు" అనడం గోడవతల నాకు స్పష్టంగా వినిపించింది. ఇద్దరికీ సరిగ్గా సరిపోయే రెండు పళ్ళసెట్లూ చెత్తలోకి పోయాయి. ముసలివాళ్ళిద్దరూ మళ్ళీ నోరు తెరుచుకుని ఆ ముద్ద మింగలేక కక్కలేక కూర్చున్నారు. రావొద్దన్న రోజు కూడా నన్ను ఇంటి దగ్గర దింపింది ఆ పిల్లే. దిగేటప్పుడు, "నీకు లెటర్ వస్తదిలే అక్కా, మంచిగ చదువుకో" అంది. నేను థాంక్స్ చెప్పాను. నిజంగానే చెప్పాను, సిగ్గులేకుండా.

లెటర్ వచ్చింది. నా ఎదురుగానే చదివి వినిపించింది డాక్టరమ్మ. నేను పనిలో నిదానమట, బాధ్యతట, అన్నిటికంటే ముఖ్యంగా ఇంత శుభ్రత పాటించే మనిషిని ఆవిడ ఇంతవరకూ చూడలేదట. ఆ ఏడాదే సీటొచ్చింది. పాసయ్యాను, ఫ్రిస్కోలోనే క్లినిక్ పెట్టాను, నోళ్ళంటే అసహ్యం మాత్రం తగ్గలేదు, అది ముఖం మీద కనపడకుండా నవ్వడం నేర్చుకున్నాను. పేషెంట్లకి నేనంటే ఇష్టమే. ఒంగోల్లో మా ఆయాని తలుచుకుంటే సిగ్గేస్తుంది. వరంగల్ పిల్లని మాత్రం తలుచుకోకుండా జాగ్రత్తపడేదాన్ని. ఇల్లు రెండుసార్లు మారాం. రెండుసార్లూ గరాజ్‌లో సామాను సర్దుతుంటే బూట్ల డబ్బాలో దాని నోటి నమూనా బయటపడింది, అప్పుడు చేయి తిరగడానికి నేను పోసినది, అడుగున నా చేతిరాతతోనే దాని పేరు. రెండుసార్లూ పారేయబోయి పారేయలేకపోయాను, అది ప్రేమ అనుకునేరు, భయం.

ఆ మంగళవారం స్కానర్ కుర్చీలోంచి లేచి ఇంటికి వచ్చాక ఆ డబ్బా దించాను. తెలిసినావిడ ద్వారా నంబరు దొరకడానికి గంట కూడా పట్టలేదు, ఇన్నేళ్ళూ దొరకలేదనుకోవడం ఒట్టి నాటకం. ఇప్పుడు ఇల్లినాయిలో అరోరాలో ఉంటోందట. ఇంకెవరి క్లినిక్‌లోనూ కుదరక, డెంటిస్ట్రీ వదిలేసి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి, అదే ఉద్యోగం చేస్తోందట. ఎదుటివాళ్ళ చొంగ భుజం మీద కారుతున్నా వీపు నిమిరిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంది, ఒక మెతుకు చూస్తే కళ్ళు మూసుకునే నేను డాక్టర్‌నయ్యాను. నమూనా ఫొటో తీసి పంపి, కింద మొత్తం రాశాను, కుడీ ఎడమా, చీటీలు, సింకు, అల్మరా, కత్తి పిడి, ఏదీ మినహాయించకుండా. క్షమించమని కూడా రాశాను, అది చెరిపేసి, మళ్ళీ రాశాను.

రెండు రోజులకి జవాబొచ్చింది. "ముక్కలు ఆ సాయంత్రమే చూసిన అక్కా, డబ్బా కోసం లోపటికి పోయినప్పుడు. పేపర్ టవల్ల కింద నా రాత కనబడింది. తెల్లారి నువ్వే చెప్తవనుకున్న. మానేసినంక కూడ రెండు వారాలు ఫోన్ పక్కల పెట్టుకొని కూసున్న. ఇప్పుడు బిడ్డను స్విమ్మింగ్‌కు తీస్కపోవాలె, మల్ల మాట్లాడత." మళ్ళీ మాట్లాడలేదు. నేను ఇంకో మెసేజ్ పెట్టలేదు. పెట్టి ఏమని అడగను, ఆ సకినాల పొట్లం అన్నీ తెలిసే ఇచ్చావా అనా?

కాలం ఎంత మారిపోయింది. ఇప్పుడు హెచ్-ఫోర్ మీద ఉన్నా కొందరికి ఉద్యోగం చేసుకునే వీలొచ్చింది, మా అసిస్టెంటుకి జీతముంది, లెటర్ కోసం నా ముఖంలోకి చూసే అవసరం ఆవిడకి లేదు. పేషెంటు పేరు కొట్టందే స్కానర్ మొదలే కాదు, ఇద్దరి నోళ్ళు తారుమారు కావడం అసాధ్యం. బల్లల మీద తెల్లటి దుమ్ము లేదు, ఆ గులాబి ముద్ద పుదీనా వాసన లేదు, పొయ్యడానికి ప్లాస్టర్ లేదు, పగలగొట్టడానికీ లేదు. ఆ కంపు పోయినందుకు నాకంటే సంతోషించాల్సిన మనిషి ఉండదు. అయినా ఒక్కోసారి, పని లేని మధ్యాహ్నాల్లో, పాట పాడుతూ నా నోట్లో ట్రే పెట్టిన ఆ పిల్ల చేతుల తీరు గుర్తొచ్చి ఆ క్లినిక్ వెనక గది మీద బెంగపుడుతుంది.

నా అంగిలి మీద ఆ తెగిన మడత తెగినట్టే ఉంది, నేను పోయేదాకా ఉంటుంది. ఎన్నిసార్లు పుక్కిలించినా లాభం లేదు. 'లేదు' అనాలంటే నాలుక కొన అక్కడికి వెళ్ళి తగలక తప్పదు. కావాలంటే మీరూ ఒకసారి అని చూడండి.